పాఠం 4: మీ సోడియం హైడ్రాక్సైడ్ నిజంగా 0.1 మోలారేనా?

గత పాఠంలో బ్యూరెట్ రీడింగ్‌ను రెండో దశాంశ స్థానం దాకా అంచనా వేయడం చూశాం. ఇప్పుడు అందులో పోసే ద్రావణం సంగతి.

సోడియం హైడ్రాక్సైడ్ 4 గ్రాములు తూచి, లీటరు ద్రావణం చేసి, సీసా మీద 0.1 మోలార్ (లీటరుకు 0.1 మోల్) అని రాసేస్తే కుదరదు. తూస్తుండగానే అది గాలిలోని తేమనూ కార్బన్ డయాక్సైడ్‌నూ పీల్చుకుంటుంది కాబట్టి మీరు తూచిన 4 గ్రాముల్లో అసలు సరుకు ఎంతో చెప్పలేం. అందుకే నమ్మకంగా తూచగలిగే ప్రైమరీ స్టాండర్డ్ కావాలి, దాన్ని కరిగించి, బ్యూరెట్‌లోంచి మన ద్రావణం ఎంత పడితే చర్య పూర్తవుతుందో చూస్తాం. ఇక్కడ అది పొటాషియం హైడ్రోజన్ థాలేట్, అందరూ కేహెచ్‌పీ అంటారు. మోలార్ ద్రవ్యరాశి 204.22. 110 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు గంటలు ఆరబెట్టి, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) చల్లార్చి తూచండి.

ఎంత తూచాలి? చాలామంది మాన్యువల్‌లో ఉన్న అంకె చూసి తూచేస్తారు గానీ, అసలు ఆలోచించాల్సింది ఇక్కడే. ఒక్కో బ్యూరెట్ రీడింగ్‌లో 0.02 మి.లీ. తేడా రావచ్చు అనుకుందాం, మొదటిదీ చివరిదీ కలిపి మహా అయితే 0.04. 0.2 గ్రాములు తూస్తే టైటర్, అంటే చర్య పూర్తయ్యేసరికి బ్యూరెట్‌లోంచి పట్టిన ద్రావణం, 10 మి.లీ. దగ్గర ఆగుతుంది, అంటే 0.4 శాతం తేడా మొదలుపెట్టకముందే నెత్తిన పడ్డట్టే! అదే 0.78 గ్రాములు తూస్తే టైటర్ 38 మి.లీ. దాకా వెళ్తుంది, తేడా 0.1 శాతానికి దిగుతుంది. మరీ ఎక్కువ తూచి 50 మి.లీ. దాటించారో, బ్యూరెట్ మళ్లీ నింపాలి, ఇంకో రెండు రీడింగులు, ఇంకొంచెం తేడా.

కరిగించడానికి మరిగించి చల్లార్చిన నీళ్లు వాడండి, చర్య పూర్తయిందని రంగుతో చెప్పే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు చాలు. లేత గులాబీ రంగు 30 సెకన్లు నిలిస్తే ఆపేయండి. ఆ తర్వాత రంగు పోయినా టెన్షన్ పడి ఇంకో చుక్క వేయొద్దు, అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పని. ముదురు గులాబీ చూడ్డానికి బాగుంటుంది కానీ హద్దు దాటిపోయినట్టే.

లెక్క: 0.7812 గ్రాములకు 38.05 మి.లీ. పట్టింది. 0.7812ను 204.22తో భాగిస్తే 0.0038253 మోల్స్. చర్య ఒకటికి ఒకటి కాబట్టి దాన్ని 0.03805 లీటర్లతో భాగిస్తే 0.1005 మోలార్. ఒక్కసారి చేసి వదిలేయకండి, కనీసం మూడు టైట్రేషన్లు చేయండి. పోల్చాల్సింది టైటర్లను కాదు, మోలారిటీలను, ఎందుకంటే ప్రతిసారీ తూచిన బరువు వేరు.

వచ్చే పాఠంలోపు ఇది చేసి చూడండి: ద్రావణం సుమారు 0.05 మోలార్, టైటర్ 36 మి.లీ. దగ్గర రావాలి. కేహెచ్‌పీ ఎంత తూచాలి? త్రాసులో 0.0002 గ్రాముల తేడా ఉంటే అది ఎంత శాతం?