పాత మ్యాపుల పిట్టలు – నాలుగో పాఠం: ఊరు ఎక్కడ పడాలి?

పాత మ్యాపుల నుంచి కాగితం పిట్టలు కోసే ఈ పాఠాల్లో ఇంతవరకూ చేసినవన్నీ చేతి అలవాటు కోసం చేసిన పిట్టలు. కాగితం ఎంచుకోవడం, బ్లేడు పట్టుకోవడం, ఈకల గీతలు లాగడం మూడు పాఠాల్లో అయిపోయాయి. పాత క్యాలెండర్ల మీద ఈకల సాధన ఇంకా మిగిలి ఉన్నవాళ్లు ముందు అది పూర్తి చేసి రండి. ఈ పాఠం నుంచి అసలు మ్యాపు మీదే బ్లేడు పెడుతున్నాం. క్యాలెండరు పోతే ఇంకోటి దొరుకుతుంది, మ్యాపు దొరక్కపోవచ్చు.

మనకోసం చేసుకునే పిట్టకు మ్యాపులో ఏ ముక్కయినా సరిపోతుంది, రంగు బాగుంటే చాలు. డబ్బిచ్చి చేయించుకునేవాళ్ల సంగతి వేరు. ఫ్రేము చేతికి రాగానే వాళ్లు ముక్కు చూడరు, ఈకల పనితనం చూడరు. "మా ఊరేదీ?" అని వెతుకుతారు. ఊరి పేరు సగానికి తెగిపోయి ఉంటే మిగతా పనంతా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే ఆర్డరు పిట్టకు డిజైను ఊరి దగ్గర మొదలుపెడతాం, ముక్కు దగ్గర కాదు.

లండన్‌లో ఉండే క్లేర్ బ్రూస్టర్ పాత మ్యాపులు, అట్లాసుల నుంచి పక్షుల్నీ పూలనీ కత్తిరించి, వెనక కాస్త ఖాళీ ఉండేలా పిన్నులతో గుచ్చుతారు. పిట్టతో పాటు దాని నీడ కూడా బొమ్మలో భాగమవుతుంది. ఆమె పనుల ఫొటోలు దొరికితే రెక్కల అంచుల్ని బాగా చూడండి. రోడ్లు, నదులు పిట్ట ఆకారానికి ఎక్కడ కలిసొచ్చాయో గమనించడమే ఈ పాఠానికి మంచి తయారీ.

ముందు స్కేలు

ఆర్డరు ఒప్పుకునే ముందు ఒక లెక్క వేసుకోవాలి. విజయవాడ అమ్మాయి, గుంటూరు అబ్బాయి. పెళ్లిరోజు కానుకగా రెండు ఊళ్లూ ఒకే పిట్ట మీద కావాలన్నారు అనుకుందాం. రెండు ఊళ్లకూ మధ్య గాలిదూరం సుమారు 30 కిలోమీటర్లు. 1:50,000 టోపోషీటు, అంటే కొండలూ వాగులూ ఊళ్లూ వివరంగా చూపించే సర్వే మ్యాపు, దాని మీద ఒక సెంటీమీటరంటే అర కిలోమీటరు, కాబట్టి రెండు పేర్లకూ మధ్య 60 సెంటీమీటర్లు వస్తుంది. అంత పిట్టకు గోడ చాలదు. పాత అంగుళానికి మైలు షీట్లమీదయినా 47 సెంటీమీటర్ల పైమాటే. అదే 1:2,50,000 మ్యాపు తీసుకుంటే 12 సెంటీమీటర్లు. రెక్కల చివరి నుంచి చివరికి 22 సెంటీమీటర్లున్న పిట్టలో చక్కగా ఇముడుతుంది, ఒక రెక్క మీద విజయవాడ, రెండో రెక్క మీద గుంటూరు. రాష్ట్రం మొత్తం చూపించే గోడ మ్యాపు తీశామా, రెండు పేర్లూ పక్కపక్కనే ఇరుక్కుని ఒకే ఈకలో పడతాయి.

కాబట్టి ముందు అడగాల్సింది "ఏ పిట్ట కావాలి?" అని కాదు, "ఏ ఊళ్లు కావాలి, ఎన్ని కావాలి?" అని. ఒకే ఊరు, అందులో మా వీధి, మా చెరువు, మా గుడి కూడా కనపడాలంటే 1:50,000కి మించింది లేదు. ఒక టోపోషీటు పదిహేను నిమిషాల అక్షాంశం, పదిహేను నిమిషాల రేఖాంశం మేర చూపిస్తుంది. మన ప్రాంతంలో అది నిలువునా అడ్డంగా దాదాపు 27 కిలోమీటర్లు. హైదరాబాద్ నగరం ఎక్కువ భాగం 56 కె/7, 56 కె/11 షీట్లలో పడుతుంది. మీకు కావలసిన ఊరు షీటు అంచుల్లో ఉంటే మాత్రం కష్టం. పేరు మార్జిన్‌కు దగ్గరగా ఉంటే చుట్టూ పిట్టకు చోటుండదు. పక్క షీటు తెచ్చి అతికించవచ్చు కానీ ఆ అతుకు రెక్క మీద తెలిసిపోతుంది. నేనైతే అలాంటప్పుడు చిన్న స్కేలు మ్యాపుకు మారిపోతాను.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ల ఆర్డర్లలో ఎక్కువగా ఇక్కడి ఊరు, అక్కడి ఊరు రెండూ అడుగుతారు. ఒకే కాగితం మీద అది కుదిరే పని కాదు. రెండు పిట్టలు చెయ్యండి, రెండు మ్యాపుల నుంచి. స్కేళ్లు తేడాగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు, కాగితం రంగు తేడాగా ఉంటే మాత్రం కొట్టొచ్చినట్టు కనపడుతుంది. తెల్లటి కొత్త రోడ్డు మ్యాపు పక్కన పసుపెక్కిన టోపోషీటు పెడితే ఒకటి నకిలీలా అనిపిస్తుంది. రెండూ పాతవైనా ఉండాలి, రెండూ కొత్తవైనా ఉండాలి.

ఇంకో మాట. పేరు ఏ స్పెల్లింగుతో ఉందో ముందే చెప్పేయండి. పాత షీటు మీద విజయవాడ బెజవాడగానే ఉంటుంది, విశాఖ పక్కన వాల్తేరు ఉంటుంది. తాతగారి కోసం చేయించుకునేవాళ్లకు అదే ముద్దు. పిల్లల గదికి చేయించుకునేవాళ్లు "ఇది మా ఊరు కాదు" అని వెనక్కి పంపినా పంపుతారు.

కిటికీ

ఇప్పుడు అసలు పని. నల్ల చార్ట్ పేపర్ తీసుకుని దాని మధ్యలో పిట్ట ఆకారాన్ని అసలు సైజులో గీసి, లోపలి భాగం కోసి తీసేయండి. మిగిలిన నల్ల చట్రమే మన కిటికీ. దాన్ని మ్యాపు మీద పెట్టి నెమ్మదిగా జరుపుతూ పోండి. చుట్టూ నలుపు ఉండటంవల్ల మ్యాపులో మిగతాదంతా కళ్ల ముందు నుంచి తప్పుకుని, పిట్టలో ఏం పడుతుందో అది మాత్రమే కనిపిస్తుంది. కంప్యూటర్లో చేసుకోవచ్చు కదా అంటారు కొందరు. చేసుకోవచ్చు. కానీ కాగితం మీద మడత ఎక్కడుందో, చెద ఎక్కడ తిన్నదో స్క్రీన్ మీద తెలియదు.

ఊరి పేరుకు పిట్టలో మంచి చోటు భుజం. అంటే రెక్క ఒంటికి కలిసే చోటు నుంచి రెక్కలో మూడో వంతు దాకా. అక్కడ కాగితం వెడల్పుగా ఉంటుంది, కోతలు తక్కువ, చూసేవాళ్ల కన్ను కూడా తలతో పాటు అక్కడికే పోతుంది. రెక్క చివర ఈకల్లో పెడితే పేరులో ఒక్కో అక్షరం ఒక్కో ఈకలోకి పోతుంది. పొట్ట మీద పెడితే, కోతలయ్యాక పిట్టను మధ్యలో మడిచే చోట నలుగుతుంది. తల మీద అసలు వద్దు, ఊరి పేరు పిట్టకు బొట్టు పెట్టినట్టు ఉంటుంది.

పేరు అడ్డంగా చదవగలిగేలా ఉండాలా అంటే, పూర్తిగా ఉండక్కర్లేదు. పిట్ట పైకి ఎగురుతున్నట్టు కొంచెం వాల్చితే పేరు కూడా వాలుతుంది, బాగానే ఉంటుంది. తలకిందులు మాత్రం కాకూడదు.

పేరు కుదిరాక రంగు చూడండి. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ల మీద నీళ్లు నీలం, ఎత్తు గీతలు గోధుమ, అడవి ఆకుపచ్చ, సాగుభూమి పసుపు, రోడ్లూ ఊళ్లూ ఎరుపు. పాలపిట్ట చెయ్యాలంటే నాకు నాగార్జునసాగర్ షీటు, 56 పి/6, చాలా ఇష్టం. కూర్చున్న పాలపిట్ట గోధుమరంగులో మామూలుగా కనిపిస్తుంది, నీలం అంతా ఎగిరినప్పుడే బయటపడుతుంది. అందుకని రెక్కలు విప్పిన భంగిమలోనే గీసి, జలాశయం నీలాన్ని రెక్క అంచులకు, నల్లమల కొండల గోధుమ గీతల్ని ఒంటికి తెచ్చుకుంటాం. దసరాకు పాలపిట్టను చూడటం మంచిదని తెలంగాణలో నమ్మకం, పైగా రాష్ట్ర పక్షి. సెప్టెంబరు వచ్చేసరికి ఆర్డర్లు వాటంతట అవే వస్తాయి.

కిటికీ కుదిరిన చోట పెన్సిల్‌తో మూలల్లో నాలుగు చుక్కలు పెట్టి, కిటికీ అలాగే ఉంచి ఫొటో తీసి ఆర్డరు ఇచ్చినవాళ్లకు పంపండి. "ఇదే కోస్తున్నాను, ఓకేనా?" అని రాతపూర్వకంగా ఒప్పుకోలు వచ్చాకే బ్లేడు తియ్యండి. సగం డబ్బు అప్పుడే తీసుకోండి. మొహమాటపడితే తర్వాత టెన్షన్ మనకే. కోసిన మ్యాపును మళ్లీ అతికించి ఇంకొకరికి అమ్మలేం కదా.

గ్రెయిన్‌తో తగాదా

మొదటి పాఠంలో గ్రెయిన్, అంటే కాగితంలో నారలు పోయే దిశ, పరీక్ష చేశాం: మార్జిన్ నుంచి నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి ఒకే కొలత పట్టీలు కోసి, వేళ్ల మధ్య పట్టుకుంటే ఎక్కువ వేలాడిన పట్టీలో గ్రెయిన్ అడ్డంగా ఉన్నట్టు. ఆర్డరు పిట్టలో చిక్కేమిటంటే, పిట్ట ఏ దిక్కున ఉండాలో గ్రెయిన్‌ను బట్టి కాక ఊరి పేరును బట్టి నిర్ణయమైపోతుంది.

గ్రెయిన్ ఒంటి వెంట, అంటే ముక్కు నుంచి తోక వైపు పోతుంటే మధ్య మడత శుభ్రంగా వస్తుంది కానీ రెక్కలు కొన్నాళ్లకు కిందికి వాలతాయి. గ్రెయిన్ రెక్కల వెంట పోతుంటే రెక్కలు బిగువుగా నిలబడతాయి కానీ మడత దగ్గర పాత కాగితం పగులుతుంది. 15 సెంటీమీటర్ల లోపు పిట్టకు మొదటిదే మేలు, అంత చిన్న రెక్క వాలినా తెలియదు. పెద్ద పిట్టకు రెండోదాన్ని ఎంచుకుని, మడత వచ్చే చోట ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో స్కేలు పెట్టి ఒత్తిగా గీత లాగండి. కోతలన్నీ అయ్యాక ఆ గీత మీదే, పదునుగా కాకుండా సగమే మడవండి.

ఇంకొక జాగ్రత్త, ఏళ్ల తరబడి మడిచి దాచిన షీటులో పాత మడతలు ఉంటాయి. పాత మడత రెక్క మొదలు మీదుగా పోకుండా చూసుకోండి. పోక తప్పదంటే ఆ ఆర్డరుకు వేరే షీటు వెతకడం తేలిక.

కోత

నంబర్ 11 సర్జికల్ బ్లేడు, నంబర్ 3 హ్యాండిల్. కొత్త బ్లేడు వేసుకోండి. పాత మ్యాపు కాగితం మొద్దు బ్లేడుకు తెగదు, చిరుగుతుంది.

వరుస మారకూడదు. లోపలి చిన్న కోతలు ముందు, పెద్దవి తర్వాత, బయటి అంచు ఆఖరున. కన్ను, మెడ దగ్గరి చిన్న చంద్రవంకలు, తర్వాత రెక్క ఈకల చీలికలు, చివరికి ఆకారం. చుట్టూ కాగితం ఉన్నంతసేపూ అది పిట్టను గట్టిగా పట్టి ఉంచుతుంది. అంచు ముందే కోసేస్తే పిట్ట వేళ్ల కింద జారుతూ ఉంటుంది.

ఒక్క ఈక దగ్గర ఆగుదాం. బ్లేడు మొనను ఈక చీలిక లోపలి కొస దగ్గర దించండి, ఒంటి వైపు ఉన్న కొస అది. అక్కడ నుంచి మీవైపుకు, బయటి అంచు వైపుకు లాగండి. వంపు వచ్చినచోట చెయ్యి తిప్పకండి, కింద పరిచిన కటింగ్ మ్యాట్ మీద కాగితాన్ని తిప్పండి. మణికట్టు కదలకుండా ఉంటే గీత వణకదు. అంచు దాటి ఒక మిల్లీమీటరు ముందుకు పోయినా పర్వాలేదు, ఆ భాగం ఎలాగూ పోయేదే. కానీ మొదలు దగ్గర వెనక్కి జరిగి పొడిచారంటే ఆ చిన్న గాటు మడతలో చిరుగుగా మారుతుంది. రెండు చీలికల మధ్య కనీసం రెండు మిల్లీమీటర్ల కాగితం మిగలాలి. నిమ్మలకుంట తోలుబొమ్మను దీపానికి పట్టి చూస్తే ఇది వెంటనే అర్థమవుతుంది, చిల్లుల మధ్య వదిలిన తోలే బొమ్మను నిలబెడుతోంది.

ఊరి పేరు ఉన్న చోట మాత్రం ఈకల లెక్క మర్చిపోండి. పేరు చుట్టూ అరసెంటీమీటరు ఖాళీ వదిలి, చీలికను దాని పక్కనుంచి తిప్పండి. ఒక ఈక తక్కువైతే ఎవరూ లెక్కపెట్టరు.

కోయకూడనివి

దీని గురించి నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. 2014 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గోడ మ్యాపులు, 2016లో తెలంగాణ, 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు మారాక పాత జిల్లాల మ్యాపులు బడుల నుంచి, ఆఫీసుల నుంచి తుక్కు కింద పోతున్నాయి. అబిడ్స్ ఆదివారం పుస్తకాల సంతలో, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో వెతికితే ఇలాంటివి కనపడుతుంటాయి. వాటిని నిశ్చింతగా కోయండి.

నాగార్జునసాగర్ డ్యామ్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. అంతకుముందు అచ్చయిన షీటులో ఆ నీలం ఉండదు, మునిగిపోయిన ఊళ్ల పేర్లు ఉంటాయి. ఆ ఊరి కుటుంబం ఎవరైనా పిట్ట అడిగితే అసలు షీటు కోయొద్దు. స్కాన్ చేయించి, 120 జీఎస్ఎమ్ మ్యాట్ కాగితం మీద పిగ్మెంట్ ఇంకుతో ప్రింటు తీయించి దాన్ని కోయండి. అసలు షీటు వాళ్ల చేతికే ఇవ్వండి. 1912–15 మధ్య లియోనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన హైదరాబాద్ మునిసిపల్ మ్యాపుల లాంటివి చేతికొస్తే ఇక చెప్పేదేముంది, ప్రింటే. ప్రభుత్వ ప్రచురణల మీద మన చట్టం ప్రకారం కాపీరైటు 60 ఏళ్లు, కాబట్టి ఇంత పాత వాటితో ఆ ఇబ్బంది కూడా లేదు. అంతకంటే కొత్త మ్యాపును ప్రింటు తీసి అమ్మే ముందు ఆలోచించండి. "రిస్ట్రిక్టెడ్" అని పైన అచ్చయిన షీటు మాత్రం ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు.

ఇంటిపని

మీ ఊరు ఉన్న ఏదైనా పాత మ్యాపు తీసుకోండి, రోడ్డు మ్యాపైనా సరే. 18 సెంటీమీటర్ల రెక్కలతో కిటికీ ఒకటి చేసి, ఊరి పేరు భుజం మీద పడేలా మూడు వేర్వేరు చోట్ల పెట్టి ఫొటోలు తియ్యండి. మూడింట్లో ఏది కోస్తారో ఇంట్లోవాళ్లను అడగండి, కారణం చెప్పకుండా. వాళ్లు ఎంచుకున్నది కోసి, మడవకుండా బట్టర్ పేపర్ల మధ్య పెట్టి బరువు కింద ఉంచండి. అయిదో పాఠంలో దాన్ని బాక్స్ ఫ్రేములో గుచ్చుతాం. స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు తెచ్చి పెట్టుకోండి, సముద్రం దగ్గర ఊళ్లవాళ్లు మరీను. మామూలు గుండుసూదులు ఒక్క వానాకాలానికే తుప్పు పట్టి రెక్కమీద మరక వేస్తాయి.