రెండు ఇంజన్ల పాత బోటులో ఒక్క ఇంజనే ఇబ్బంది పెడుతుంటే

రెండు ఇంజన్ల బోటు గురించి ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒకటే: ఇబ్బంది ఒక ఇంజనుకా, రెండింటికా? చాలామంది జవాబు చెప్పలేరు. వేడెక్కింది, పొగ వచ్చింది, ఆగిపోయింది అని చెబుతారు గానీ, ఆ సమయంలో పక్క ఇంజను ఎలా ఉందో చూసి ఉండరు. రెండూ ఒకేసారి మొరాయిస్తే రెండింటికీ ఉమ్మడిగా ఉన్నవాటిని అనుమానించాలి. అంటే డీజిల్, ట్యాంకు, బోటు అడుగు భాగం. ఒక్కటే మొరాయిస్తే ఆ ఒక్కదానికే ఉన్న పైపులు, పంపు, వైర్లు చూడాలి. అదే మోడలు, అదే వయసు, అదే నీటిలో నడుస్తున్న మంచి ఇంజను మూడడుగుల దూరంలో ఉంటే అంతకంటే మంచి కొలబద్ద ఏముంటుంది? ఒక ఇంజను బోటు వాడికి ఆ అదృష్టం లేదు.

నేను ఎక్కువగా చూసేవి కాకినాడ, యానాం, కోనసీమ పాయల్లో తిరిగే పాత డీజిల్ బోట్లు, అప్పుడప్పుడు పాపికొండల వైపు నడిచే లాంచీలు. ధవళేశ్వరం బ్యారేజీకి పైన తిరిగే బోటుకు ఒండ్రుమట్టితో బాధ. కింద తిరిగేదానికి ఉప్పు, గుల్లలు, మడ అడవుల చెత్తతో బాధ. జబ్బులు మాత్రం రెండుచోట్లా దాదాపు ఒకటే. ఆయిల్ చూడటం, బెల్టు బిగించడం, డీజిల్ లైనులో గాలి తీయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

ఒక ఇంజను వేడెక్కుతోంది, రెండోది బాగానే ఉంది

ముందు బోటు వెనక్కి వెళ్లి నిలబడండి. రెండు ఇంజన్లూ ఒకే వేగంలో నడుస్తుండగా రెండు ఎగ్జాస్టుల నుంచి పడే నీళ్లు చూడండి. ఒకవైపు ధారగా పడుతూ రెండోవైపు ఉమ్మినట్టు పడుతుంటే ఇంజనును చల్లబరచడానికి పంపు తోడే బయటి నీళ్లు సరిగా అందడం లేదు. ఇది చూడటానికి పానా కూడా అక్కర్లేదు. అయినా దీన్ని వదిలేసి నేరుగా థర్మోస్టాట్ (వేడిని బట్టి తెరుచుకుని మూసుకునే వాల్వు) విప్పేవాళ్లే ఎక్కువ.

తర్వాత ఇంజను ఆపి, అడుగున నీళ్లు లోపలికి వచ్చే వాల్వు మూసి, జల్లెడ డబ్బా మూత తీయండి. గుర్రపుడెక్క వేళ్లు, ప్లాస్టిక్ కవరు ముక్కలు, వరదల రోజుల్లో అయితే పిడికెడు ఒండ్రు కనిపిస్తాయి. శుభ్రం చేయడంతో ఆగకండి. మూత తీసి ఉండగానే వాల్వు కొంచెం తెరవండి. డబ్బా నీటిమట్టానికి కింద ఉంటే నీళ్లు ఉరికి పైకి రావాలి. నీరసంగా ఊరుతుంటే అడ్డు జల్లెడలో కాదు, బోటు అడుగున ఉంది. కవరు అతుక్కుని ఉంటుంది, లేదా రంధ్రం చుట్టూ గుల్లలు పట్టి ఉంటాయి. మొత్తం ఐదు నిమిషాల పని. ఈ ఐదు నిమిషాలు పెట్టకుండా కొత్త పంపు తెప్పించుకున్న యజమానులను ఎంతమందినో చూశాను, ప్రతిసారీ బాధేస్తుంది.

మూత బిగించేటప్పుడు రబ్బరు రింగు చూడండి. ఎండి గట్టిపడితే అక్కడినుంచి పంపు గాలి పీలుస్తుంది. డబ్బా నీటిమట్టానికి పైన ఉంటే బయటికి చుక్క కూడా కారదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. మూత గాజుదైతే లోపల బుడగలు కనిపిస్తాయి. కొత్త రింగుకు కొంచెం గ్రీజు రాసి వేస్తే సరిపోతుంది.

ఇక పంపులోని రబ్బరు ఇంపెల్లర్, అంటే తిరుగుతూ నీళ్లను తోడే రెక్కల చక్రం. వాల్వు తెరవడం మరిచి ఒక్క నిమిషం నీళ్లు లేకుండా నడిపినా దాని రెక్కలు చిరుగుతాయి. బయటికి తీశాక రెక్కలు లెక్కపెట్టండి. ఒక ముక్క తక్కువైనా అది దొరికేదాకా పని అయిపోలేదు. కొత్తది వేసి మూత బిగించేస్తే, పాత రెక్క ముక్క ముందుకు పోయి, ఇంజను వేడిని బయటి నీళ్లకు అందించే హీట్ ఎక్స్‌ఛేంజర్ మూతి దగ్గర అడ్డం పడి ఉంటుంది. కొన్ని బోట్లలో గేరు ఆయిల్ కూలర్ ముందుగా వస్తుంది, అప్పుడు అందులో వెతకాలి. లోహం తినేయకుండా పెట్టే జింకు కడ్డీ విరిగిన ముక్కలు కూడా అక్కడే దొరుకుతాయి.

ఇవన్నీ బాగున్నాయి, అయినా వేడెక్కుతోంది. అప్పుడు వినండి.

బయటికి బాగున్న పైపు

రెండు ఇంజన్ల టూరిస్టు బోటు ఒకటి. జెట్టీ దగ్గర గంటసేపు నిలిపి నడిపినా ఎడమ ఇంజను 80 డిగ్రీలు దాటదు. పాయలోకి వెళ్లి ఇంజను వేగం నిమిషానికి 1800 చుట్లు దాటించగానే పది నిమిషాల్లో అలారం. వేగం తగ్గిస్తే తనంతట తానే చల్లబడుతుంది. జల్లెడ శుభ్రం, ఇంపెల్లర్ కొత్తది. హీట్ ఎక్స్‌ఛేంజర్ విప్పి కడిగాను. థర్మోస్టాట్ మార్చాను. వాల్వు నుంచి పంపుకు వచ్చే పైపు విప్పి, పంపు వైపు నుంచి నోటితో ఊదాను. గాలి హాయిగా పోయింది, పైపు బాగుందనుకున్నాను. చివరికి హెడ్ గాస్కెట్ (సిలిండర్ల పైమూత కింద ఉండే సీలు) పోయిందని నిర్ణయించి హెడ్ దించాను. లేత్ షాపులో నున్నగా చేయించి, కొత్త గాస్కెట్ వేసి బిగించేసరికి రెండు వారాలు గడిచాయి. అది సీజను. బోటు నీళ్లలోకి దిగింది, 1800 దాటింది, అలారం మోగింది. ఆ యజమాని ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం నాకింకా గుర్తుంది.

జబ్బు దొరికింది అనుకోకుండానే. పైపు క్లిప్పు తుప్పుపట్టి ఊడకపోతే పైపునే కోసేశాను. కోసిన చోట చూస్తే, లోపలి రబ్బరు పొర గోడనుంచి విడిపోయి నాలుకలా వేలాడుతోంది. బయటి పొర నల్లగా, నిగనిగలాడుతూ కొత్తదానిలా ఉంది.

ఇది ఎలా మోసం చేస్తుందో అర్థం చేసుకుంటే మళ్లీ పడరు. అడుగు వాల్వు నుంచి పంపు దాకా ఉన్న పైపులో నీళ్లను గట్టిగా నెట్టేది ఏమీ లేదు, పంపు పీల్చుకోవాల్సిందే. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పీల్పు తక్కువ, ఆ నాలుక గోడకు అంటుకునే ఉంటుంది. వేగం పెంచితే పీల్పు పెరిగి నాలుక లేచి పైపుకు అడ్డం పడుతుంది. వేగం తగ్గించగానే మళ్లీ గోడకు చేరుతుంది. అందుకే జెట్టీ దగ్గర ఎంతసేపు నడిపినా దొరకదు. నేను ఊదిన గాలి కూడా అందుకే పోయింది. పంపు వైపు నుంచి ఊదితే గాలి నాలుకను గోడకే నొక్కుతుంది. నీళ్లు వచ్చే దిక్కులో ఊది ఉంటే దొరికేదేమో.

కుడి ఇంజను పైపు వయసు కూడా అంతే, మరి అది ఎందుకు బాగుంది? ఎడమవైపు పైపుకు సరిగ్గా పైన డీజిల్ ఫిల్టరు ఉంది. ఫిల్టరు మార్చినప్పుడల్లా నాలుగు చుక్కలు పైపు మీద పడేవి, కొన్ని పైపు కోసిన అంచు దగ్గర చేరేవి. నీళ్ల పైపు రబ్బరుకు డీజిల్ పడదు. ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పొరలు విడిపోతాయి. దానికి తోడు ఎవరో క్లిప్పును అతిగా బిగించడంతో అంచు చీలింది. రెండు ఇంజన్లూ ఒకేలాంటివైనా వాటి చుట్టూ ఉన్నవి ఒకేలా ఉండవు. ఇప్పుడు ఏ బోటు ఎక్కినా ముందుగా ఏ పైపు మీద ఏది కారుతోందో చూస్తాను.

దీన్ని పట్టుకునే పరీక్ష తేలిక. వాల్వు మూసి, పంపు దగ్గర పాత పైపు ఊడదీయండి. లోపల తీగచుట్టు ఉన్న కొత్త పైపు ఒకటి అదే సైజులో తీసుకుని పంపుకు బిగించండి. రెండో చివర జల్లెడ గుడ్డ కట్టి బోటు పక్కనుంచి నేరుగా నీళ్లలోకి వదలండి. పైపు నిండా నీళ్లు పోసి మొదలుపెడితే పంపు త్వరగా అందుకుంటుంది. బకెట్లో పెట్టకండి, ఆ వేగంలో బకెట్ నీళ్లు క్షణాల్లో అయిపోతాయి. బోటును జెట్టీకి గట్టిగా కట్టి, గేరు వేసి, ఎప్పుడు వేడెక్కుతుందో ఆ వేగంలో నడపండి. వేడెక్కకపోతే పంపు, దాని తర్వాతివన్నీ మంచివే. జబ్బు పాత పైపులోనో, వాల్వులోనో, జల్లెడలోనో ఉంది. ఇంకా వేడెక్కితే పైపును వదిలేసి పంపు తర్వాతివి చూడండి. కొత్త పైపు దొరకకపోతే ఎడమ, కుడి పైపులు మార్చి చూడండి. జబ్బు పైపుతో పాటు రెండోవైపుకు వెళ్లిందంటే మీకు జవాబు దొరికినట్టే.

మార్చేటప్పుడు తీగచుట్టు ఉన్న పైపే వేయండి. తోటకు నీళ్లు పెట్టే పైపు వేసిన బోట్లు చూశాను, అది పీల్పుకు నొక్కుకుపోతుంది. నీటిమట్టానికి కింద ఉన్న ప్రతి కొసకూ రెండేసి స్టీలు క్లిప్పులు వేయండి. ఒకవైపు పోయిందంటే రెండోవైపు కూడా అదే రోజు మార్చండి.

మీటరు మాత్రమే వేడి చూపిస్తోంది

పాత బోట్లలో ఇది మామూలే. దూరం నుంచి వేడి కొలిచే చిన్న ఇన్‌ఫ్రారెడ్ మీటరు ఒకటి కొనుక్కోండి. థర్మోస్టాట్ పెట్టె మీద రెండు ఇంజన్లకూ ఒకే చోట కొలవండి. రెండూ దగ్గరదగ్గరగా ఉండి డాష్‌బోర్డు మాత్రం వేరే చెబుతుంటే సెన్సరో వైరో పోయింది. డాష్‌బోర్డు మీటరు దగ్గర రెండు ఇంజన్ల వైర్లు మార్చి పెడితే ఏదో తేలిపోతుంది.

రెండూ ఒకేసారి దమ్ము తగ్గుతున్నాయి

రెండు ఇంజన్ల పంపులు ఒకేరోజు పాడవవు. డీజిల్ చూడండి. ఫిల్టరు కింది గిన్నెలో నీళ్లు చేరాయా, నల్లటి జిగురు ఉందా? అరగంట బాగా నడిచి ఆగిపోతూ, కాసేపు ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంటే ట్యాంకు మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోతే ట్యాంకు గాలిగొట్టం మూసుకుపోయింది. పురుగులు గూడు కడతాయి, లేదా రంగు వేసినవాళ్లు మూసేస్తారు. రెండు ఎగ్జాస్టులూ నల్లపొగ వదులుతూ బోటు నెమ్మదిస్తే బోటు అడుగున గుల్లలు పేరుకున్నాయి. బోటును ఒడ్డుకు లాగి గీకించడమే మందు.

ఒకవైపే నల్లపొగ

ప్రొపెల్లరుకు వల తాడు చుట్టుకుందేమో ముందు చూడండి. కాకపోతే ఎయిర్ ఫిల్టరు. అదీ బాగుంటే, అసలు పొగ వచ్చే ఇంజను తప్పేనా అని అనుమానించండి. ఇంజను వేగం చూపే పాత టాకోమీటర్లు అబద్ధం చెబుతాయి. రెండూ 2000 చూపిస్తున్నా ఒకటి నిజంగా 1800లోనే తిరుగుతుంటే, రెండోది దాని బరువు కూడా లాగుతూ పొగ వదులుతుంది. పుల్లీ మీద మెరిసే టేపు అంటించి వేగం కొలిచే చేతి మీటరుతో రెండింటినీ కొలవండి. సిలిండరులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టరు ఆ తర్వాతి మాట.

స్టార్ట్ కావడం లేదు

టక్ మని ఆగితే బ్యాటరీ కొనే ముందు ఎర్త్ వైరు రెండు కొసలూ విప్పి గీకండి. ఉప్పుగాలికి అక్కడ పచ్చగా పట్టిన చిలుము నిండు బ్యాటరీని కూడా చచ్చినదానిలా చేస్తుంది. విశ్రాంతిలో 12.6 వోల్టులున్న బ్యాటరీ తిప్పేటప్పుడు 9.6 కంటే కిందికి పడిపోతే అప్పుడు బ్యాటరీని అనుమానించండి. రెండోవైపు బ్యాటరీతో తిప్పి చూడటం ఇంకా సులువు. స్టార్టరును మాత్రం అలా మార్చేముందు చూసుకోండి. కొన్ని పాత జతల్లో ఒక ఇంజను ఎదురుదిక్కులో తిరుగుతుంది, దాని స్టార్టరు వేరు.

ఇంకొకటి, ఇది దయచేసి గుర్తుంచుకోండి. స్టార్ట్ కాని ఇంజనును అదేపనిగా తిప్పకండి. తిప్పిన ప్రతిసారీ పంపు నీళ్లు తోడుతూనే ఉంటుంది, బయటికి నెట్టడానికి పొగ ఉండదు. ఎగ్జాస్టు దారిలోని మఫ్లరు నిండి నీళ్లు వెనక్కి సిలిండరులోకి వస్తాయి. నీళ్లు నొక్కుడు పడవు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. మూడు నాలుగు సార్లకు అందుకోకపోతే అడుగు వాల్వు మూసి ప్రయత్నించండి, అందుకోగానే తెరవండి. ఆయిల్ పాలలా తెల్లబడితే ఇక తిప్పనే తిప్పకండి.

హెడ్ పగలడం, ఇంజెక్షన్ పంపు పోవడం, లైనరు చీలడం లాంటివి ఉంటాయి గానీ అరుదు. పైవన్నీ చూడకుండా వాటి పేరు ఎత్తే మెకానిక్‌కు డబ్బులు ఇవ్వకండి.

మధ్యలో ఒక ఇంజను ఆగిపోతే రెండోదానితో ఒడ్డుకు రావచ్చు, వేగం మాత్రం తగ్గించండి. ఆగిన ఇంజను ప్రొపెల్లరు నీటి వేగానికి దానంతట అదే తిరుగుతూ ఉంటుంది. చాలా గేరుబాక్సులకు ఇంజను నడిస్తేనే లోపల ఆయిల్ అందుతుంది. పది నిమిషాలకోసారి ఆ గేరుబాక్సు మీద చేయి పెట్టి చూడండి. వేడెక్కుతుంటే బోటు ఆపి, షాఫ్టును తాడుతో కదలకుండా కట్టి, అప్పుడు బయల్దేరండి. ఒడ్డు చేరాక ఆ తాడు విప్పిన తర్వాతే ఇంజను ముట్టుకోండి.