వానలకి ముందు తుపాకి తీస్తున్నారా, ముందు ఛాంబర్ చూడండి

మన విశాఖ ఉప్పుగాలికి కిటికీ ఊచలే తుప్పు పట్టిపోతాయి, ఇక బీరువాలో తుపాకి ఎంత! జూన్ వానలకి ముందే లైసెన్స్ తుపాకులు తీసి తుడిచి నూనె రాసేవాళ్ళు చాలామందే. నా భయమంతా ఆ తుడిచే గంట గురించే.

మా చినమామయ్య ఓసారి పిస్టల్ మ్యాగజైన్ (తూటాలు పేర్చే పెట్టె) తీసి బల్ల మీద పెట్టి "ఖాళీయేరా" అన్నాడు. స్లైడ్ (పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే భాగం) లాగి చూడు మామయ్యా అన్నాను. లాగగానే తూటా ఒకటి ఎగిరి గచ్చు మీద పడి మంచం కిందకి దొర్లింది. గోడకి అవతల అత్తయ్య కూరలు తరుగుతోంది.

పిస్టల్‌లో ప్రతి పేలుడుకీ స్లైడ్ వెనక్కి వెళ్ళి ఖాళీ తొడుగుని బయటికి విసిరేస్తుంది, ముందుకొస్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాని ఛాంబర్‌లోకి, అంటే తూటా పేలే గదిలోకి తోస్తుంది. అందుకే మ్యాగజైన్ తీసినా లోపల ఒకటి మిగిలి ఉండొచ్చు. ముందు మ్యాగజైన్, తర్వాతే స్లైడ్. తిరగేసి చేశారో, ఒకటి బయటపడి ఇంకోటి లోపలికెక్కుతుంది! స్లైడ్‌ని వెనక్కి ఆపి, కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడమండి.

డబుల్ బ్యారెల్ అయితే సులువు, మీట తిప్పి మధ్యకి విరిస్తే రెండు గొట్టాల్లోంచీ వెలుతురు కనిపించాలి. రివాల్వర్‌లో చక్రం తెరిచి అన్ని గదులూ లెక్కపెట్టండి. బోల్ట్ (ఛాంబర్‌ని వెనకనుంచి మూసే కడ్డీ) రైఫిల్‌తో మాత్రం జాగ్రత్త, బోల్ట్ పిడి పైకెత్తి వెనక్కి లాగితే ఛాంబర్‌లోది బయటికొస్తుంది గానీ, కింద మ్యాగజైన్‌లో తూటాలుంటే బోల్ట్ ముందుకు తోసినప్పుడు ఇంకోటి ఎక్కిపోతుంది. పంప్ గన్ (బ్యారెల్ కింది పిడిని వెనక్కీ ముందుకీ లాగి తూటా ఎక్కించేది) ఇంకా మోసం, దాని తూటాలు బ్యారెల్ కింది గొట్టంలో దాక్కుంటాయి, పైనుంచి చూస్తే కనబడవు, ఆ గొట్టం ఖాళీ అయ్యిందని చేత్తో తడిమే దాకా నమ్మొద్దు.

తూటాలు వేరే గదిలో తాళం వేసి, పిల్లల్ని బయటికి పంపి, అప్పుడు కూర్చోండి. అపార్ట్‌మెంట్‌లో గోడకి అటూ ఇటూ మనుషులే కాబట్టి మూతి ఎటుందో చూసుకోండి, వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోనివ్వకండి. తుడిచాక తోలు కవర్లో పెట్టి మూసేయొద్దు, తోలు చెమ్మ పట్టుకుని లోపలే తుప్పు తెస్తుంది. తుప్పుకి బోల్ట్ బిగుసుకుపోతే సుత్తితో కొట్టకండి, లోపల తూటా ఉందనే అనుకుని, లైసెన్స్ ఉన్న తుపాకుల షాపుకి ఫోన్ చేసి ఎలా తేవాలో అడిగి, లైసెన్స్ పుస్తకం వెంట పెట్టుకుని వెళ్ళండి.