బ్యాండ్‌సా బ్లేడుకి సెలైన్ సెట్టుతో చుక్కల నీళ్లు

మా భీమవరం వైపు షెడ్డుల్లో రొయ్యల చెరువుల ఏరేటర్ల (నీళ్లలో గాలి కలిపే మిషన్లు) పని ఎక్కువండి, స్టెయిన్‌లెస్ షాఫ్టులు కోసీ కోసీ బ్యాండ్‌సా (పట్టీలా తిరిగే రంపం) బ్లేడు పళ్లు మాడిపోతుంటాయి. స్టెయిన్‌లెస్‌తో గొడవేంటంటే పన్ను కొరక్కుండా రాసుకుంటూ పోతే అక్కడ లోహం ఇంకా గట్టిపడిపోద్ది, వేడి పెరుగుద్ది, ఆ తర్వాత కొత్త బ్లేడు వేసినా జారుద్దే తప్ప తెగదు. కూలెంట్ (బ్లేడుని చల్లబరిచే నీళ్లు) పంపు లేని చిన్న మిషనుకి సెలైన్ సెట్టు చాలు.

5 లీటర్ల క్యాను, జానెడు సన్న రాగి గొట్టం (ఫ్రిజ్ మెకానిక్ దగ్గర ముక్క దొరుకుద్ది), కింద ట్రే, ఇంతే. సెట్టు మాత్రం మెడికల్ షాపులో కొత్తది కొనండి, ఆసుపత్రిలో వాడి పారేసింది తేవద్దు. క్యాను అడుక్కి అంగుళం పైన కాల్చిన మేకుతో బెజ్జం పెట్టి సెట్టు పై చివరుండే ప్లాస్టిక్ సూది మొన గుచ్చి చుట్టూ ఎంసీల్ పెట్టండి, మడ్డి ఉంటే అడుగునే ఉండిపోద్ది. మూతకి కూడా చిన్న బెజ్జం ఉండాలి, గాలి లోపలికి వెళ్లకపోతే కాసేపటికి చుక్క ఆగిపోద్ది. క్యాను బ్లేడుకి రెండు మూడు అడుగుల ఎత్తున, మోటారు మీదా స్విచ్చు మీదా కాకుండా పక్కకి పెట్టండి. ఎర్తింగు ఉండాల్సిందే, లైనుకి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు) కూడా వేయించండి, తడి చేతులతో పని కదా.

చుక్క ఎక్కడ పడుతుందన్నదే అసలు సంగతి. బ్లేడు షాఫ్టులోకి దూరే వైపు గైడు (బ్లేడుని పట్టి ఉంచే ముక్క) దగ్గర, బ్లేడు వీపు మీద పడి పళ్ల దాకా జారాలి, అప్పుడు పళ్లే దాన్ని కోతలోకి లాక్కెళ్తాయి, బయటికొచ్చే వైపు పోస్తే రజను కడగడానికి తప్ప దేనికీ పనికిరాదు. సెట్టు కింది చివరకి రాగి గొట్టం తొడిగి, దాన్ని గైడు చేతికే కట్టి ట్యూబు కొంచెం వదులుగా ఉంచండి, సా కిందికి దిగేటప్పుడు పీక్కుపోకుండా. సెకనుకి రెండు చుక్కలు పెడితే, మామూలు సెట్టుకి 20 చుక్కలు ఒక మిల్లీలీటరు కాబట్టి, గంటకి 360 మిల్లీలీటర్లు, 5 లీటర్లు దిగడానికి సుమారు 14 గంటలు పడుద్ది. మట్టం తగ్గేకొద్దీ చుక్క నెమ్మదిస్తే సెట్టు ట్యూబు మీది చక్రం కొంచెం వదలండి.

ఇక నీళ్లు. మొదట్లో నేను షెడ్డు బోరు నీళ్లే పోశాను, మాది ఉప్పు బోరు, ఆదివారం సెలవిచ్చి సోమవారం వచ్చేసరికి మంచి బ్లేడు ఎర్రగా తుప్పు పట్టి కూర్చుంది, ఎంత బాధేసిందో. పైగా ఉప్పు నీళ్లలో కట్టింగ్ ఆయిల్ సరిగ్గా కలవదు, విరిగిన పాలలా తేలుద్ది. వడకట్టిన వాన నీళ్లు గానీ ఆర్వో నీళ్లు గానీ వాడండి. ముందు నీళ్లు, తర్వాత నీళ్లలో కలిసే రకం కట్టింగ్ ఆయిల్, 20 పాళ్లకి ఒకటి, కలుపుతూ పోయాలి.

పోత ఇనుము పొడిగానే కోయండి. రాయి డిస్కు వేసే చాప్‌సాకి ఈ ఏర్పాటు పెట్టొద్దు, తడిస్తే డిస్కు పగిలే ప్రమాదం ఉంది, కరెంటు భయం సరేసరి.

ట్రేలో దిగింది గుడ్డతో వడకట్టి మళ్లీ పోసుకోవచ్చు గానీ మన ఎండలకి తొందరగా కంపు కొడుతుంది, చర్మం కూడా దురద పెడుతుంది, అప్పుడు మార్చేయండి. పాతది పంట బోదెలోకి వదలొద్దండీ, ఆ నీళ్లే కింద ఎవరి చెరువులోకో పోతాయి, డ్రమ్ములో పోసి పాత ఇంజనాయిల్ కొనేవాళ్లకి ఇచ్చేయండి.