ఒకే కుండలో నాలుగు రంగులు: రసాయనశాస్త్రాన్ని చరిత్ర, భాషలతో కలిపి బోధించడం ఎలా?

రసాయనశాస్త్రం పుస్తకంలో చరిత్ర అంటే సాధారణంగా పేజీ మూలన ఒక పెట్టె. అందులో గడ్డం ఉన్న శాస్త్రవేత్త బొమ్మ, పుట్టిన సంవత్సరం, పోయిన సంవత్సరం ఉంటాయి. పరీక్షలో రాదు కాబట్టి పిల్లలు దాన్ని చదవరు. సిలబస్ తరుముతుంటుంది కాబట్టి టీచర్లూ దాని జోలికి పోరు. ఆ పెట్టెను రెండు పేజీలకు పెంచినా, పాఠానికి ముందు ఒక కథ చెప్పినా పెద్ద తేడా రాదు. కథ అయిపోగానే పిల్లలు పుస్తకం తిప్పి పాత పద్ధతిలోనే సమీకరణాలు బట్టీ పడతారు.

చరిత్ర అడిగిన ప్రశ్నకు రసాయనశాస్త్రం లేకుండా జవాబు దొరకనప్పుడే రెండు సబ్జెక్టులు నిజంగా కలుస్తాయి. అలాంటి ప్రశ్నలు మన చుట్టూ చాలానే ఉన్నాయి. వాటిలో బాగా పండే ఒకదాన్ని, కలంకారీ గుడ్డను, మొదటి నుంచి చివరి దాకా ఎలా నడిపించాలో ఇక్కడ చెబుతాను. ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా లోతు మార్చుకుంటూ చేయవచ్చు. సెలవుల్లో ఇంట్లో పిల్లలతో చేయాలనుకునే తల్లిదండ్రులకూ ఇదే పద్ధతి సరిపోతుంది.

1. అంశాన్ని కాదు, వస్తువును ఎంచుకోండి

'రసాయనశాస్త్రం – సమాజం' వంటి పెద్ద శీర్షికతో మొదలుపెడితే ఉపన్యాసమే మిగులుతుంది. చేతిలో పట్టుకోగలిగే వస్తువు కావాలి. ఆ వస్తువు తయారీలో కనీసం ఒక రసాయన చర్య ఉండాలి. దాని గురించి పాత కాలంలో ఎవరో ఏదో రాసి ఉండాలి. దానివల్ల ఎవరో లాభపడి, ఎవరో నష్టపోయి ఉండాలి. శ్రీకాళహస్తిలో కలంతో గీసే కలంకారీకీ, మచిలీపట్నం దగ్గర పెడనలో చెక్క అచ్చులతో వేసే కలంకారీకీ ఈ మూడూ ఉన్నాయి.

2. ఒక్క ప్రశ్న రాసుకోండి

పది ప్రశ్నలు వద్దు. ఈ పాఠానికి నేను ఎంచుకునే ప్రశ్న దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటిది. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ప్లీనీ అనే రోమన్ రచయిత, ఈజిప్టు వాళ్ళు గుడ్డకు రంగులు ఎలా వేస్తారో వర్ణించాడు. తెల్లగుడ్డ మీద వాళ్ళు రంగులు పూయరు, ఏవో మందులు పూస్తారు. అప్పుడు గుడ్డ మీద ఏమీ కనిపించదు. దాన్ని మరుగుతున్న రంగు కాగులో ముంచి తీస్తే మాత్రం బొమ్మలు దిగి ఉంటాయి. కాగులో ఉన్నది ఒకే రంగు, గుడ్డ మీద మాత్రం రకరకాల రంగులు. పైగా ఎంత ఉతికినా పోవు. ప్లీనీ ఆశ్చర్యపోయాడే గానీ కారణం చెప్పలేదు.

బోర్డు మీద ఈ నాలుగు వాక్యాలు రాసి, ఇది అబద్ధమా, నిజమా, నిజమైతే ఎలా సాధ్యం అని అడగండి. పిల్లలు ఊహించినవన్నీ ఒక మూల రాసి ఉంచండి. జవాబు మాత్రం ఆ రోజు చెప్పవద్దు.

3. తోటి టీచర్లతో ముందే మాట్లాడండి

సోషల్ టీచరు, తెలుగు టీచరు ఒక్కో పీరియడ్ ఇస్తే చాలు. ఎవరు ఏది చెబుతారో ఒక కాగితం మీద రాసుకోండి. ముగ్గురూ ఒకే కథ చెబితే పిల్లలకు విసుగు పుడుతుంది.

4. ప్రయోగం చేయించండి

తొందరపడకూడని మెట్టు ఇదే. కావలసినవన్నీ ఆయుర్వేద మూలికల దుకాణంలోనో పచారీ కొట్టులోనో దొరుకుతాయి: కరక్కాయ పొడి, పటిక, అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఎర్రరంగునిచ్చే మంజిష్ఠ వేరు పొడి, కొంచెం పాలు. మీటరు తెల్లటి నూలుగుడ్డ కూడా కావాలి. పాలిస్టర్ కలిసిన గుడ్డ పనికిరాదు. కొత్త గుడ్డ అయితే చాకలి సోడా వేసిన వేడినీళ్ళలో నానబెట్టి గంజి పూర్తిగా వదిలించండి.

గుడ్డను అరచేయంత ముక్కలుగా కత్తిరించండి. కొన్నింటిని ఏమీ చేయకుండా పక్కన పెట్టండి. మిగతావాటిని అర లీటరు నీళ్ళలో రెండు పెద్ద చెంచాల కరక్కాయ పొడి, కాసిని పాలు కలిపి అందులో అరగంట నానబెట్టి, పిండి, నీడలో ఆరబెట్టండి. గుడ్డ లేత పసుపు రంగుకు తిరుగుతుంది. కలంకారీ కళాకారులు ఇందుకు గేదెపాలు వాడతారు. పాలలోని కొవ్వు, సిరా పక్కలకు పాకకుండా ఆపుతుంది. ఇది మాటల్లో చెప్పనక్కర్లేదు. పాలు పట్టించిన ముక్క మీదా పట్టించని ముక్క మీదా ఒక్కో గీత గీయిస్తే వాళ్ళే చెబుతారు.

ఆరిన కరక్కాయ ముక్కలను మూడు కుప్పలు చేయండి. మొదటి కుప్పకు ఏమీ పూయవద్దు. రెండో కుప్పకు గోరువెచ్చని గ్లాసుడు నీళ్ళలో కరిగించిన చెంచాడు పటిక పట్టించండి. ముక్క చూడటానికి ఏమీ మారదు. మూడో కుప్పకు గ్లాసుడు నీళ్ళలో అర చెంచా అన్నభేది కరిగించి కుంచెతో పూయండి. ఇక్కడ క్లాసు మొత్తాన్నీ దగ్గరికి పిలవాలి. కుంచె మీద లేత ఆకుపచ్చగా ఉన్న నీరు పసుపు గుడ్డను తాకగానే బూడిదరంగుకు మారి, గాలి తగిలేకొద్దీ నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసింది. ఫెర్రస్ ఇనుము గాలిలోని ఆక్సిజన్‌తో ఫెర్రిక్‌గా మారుతున్నకొద్దీ నలుపు చిక్కబడుతుంది. ఆక్సీకరణం అనే మాట చెప్పడానికి ఇంతకంటే మంచి క్షణం దొరకదు. కలంకారీ కళాకారుల నల్లసిరాలో జరిగేదీ ఇదే. వాళ్ళు అన్నభేదికి బదులు తుప్పు ఇనుమును బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెడతారు. పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలు ఇనుమును కరిగిస్తాయి. ఓపిక ఉంటే ఆ కుండ కూడా పెట్టండి. మూత మాత్రం గట్టిగా బిగించవద్దు, వాయువు వస్తుంది.

అన్ని ముక్కలనూ ఆరనిచ్చి, నీళ్ళలో బాగా జాడించండి. అన్నభేది పూసిన వాటిని విడిగా, రెండుమూడు నీళ్ళలో జాడించాలి. లేకపోతే ఇనుము కాగులోకి దిగి అన్ని ముక్కలనూ మసకబారుస్తుంది.

రెండు లీటర్ల నీళ్ళలో యాభై గ్రాముల మంజిష్ఠ పొడిని రాత్రంతా నానబెట్టి ఉంచుకోండి. నాలుగు రకాల ముక్కలనూ ఒకేసారి అందులో వేసి సన్నని సెగ మీద ముప్పావుగంట వేడి చేయండి. తెర్లనివ్వవద్దు, గోధుమరంగు పెరిగి ఎరుపు చెడుతుంది. స్టీలు గిన్నె గానీ మట్టికుండ గానీ వాడండి. ఇనుప మూకుడు, అల్యూమినియం గిన్నె ఎందుకు వద్దో పాఠం అయ్యాక పిల్లల్నే అడగండి. ఇందుకు వాడిన గిన్నెలు మళ్ళీ వంటకు వాడకూడదు. పొయ్యి దగ్గర పెద్దవాళ్ళు ఉండాలి, అన్నభేదిని చేతి తొడుగులతోనే ముట్టుకోవాలి.

తీసి ఉతికి చూస్తే, ఏమీ పట్టించని ముక్క రంగు చాలావరకు నీళ్ళలో పోతుంది. కరక్కాయ ఒక్కటే ఉన్నది మసకగా, మాసినట్టు ఉంటుంది. పటిక పట్టించింది ఇటుక ఎరుపు. అన్నభేది పూసింది ఊదా కలిసిన నలుపు. కుండ ఒకటే, రంగులు నాలుగు. ప్లీనీ అబద్ధం చెప్పలేదు.

ఇప్పుడు కారణం చెప్పండి. నూలుపోగుకు ఈ రంగు అణువు మీద పెద్ద ఆకర్షణ లేదు. పటికలోని అల్యూమినియం అయాన్ ఒకవైపు పోగునూ టానిన్‌నూ, మరోవైపు రంగు అణువులో పక్కపక్కనే ఉన్న ఆక్సిజన్ పరమాణువులనూ పట్టుకుంటుంది. అందుకే ఉతికినా పోదు. లోహం మారితే అణువులోని ఎలక్ట్రాన్ల అమరిక మారి, అది పీల్చుకునే కాంతి మారుతుంది. అందుకే అల్యూమినియంతో ఎరుపు, ఇనుముతో నలుపు. పదో తరగతికి ఇంత చాలు. ఇంటర్ పిల్లలకైతే సమన్వయ సమ్మేళనాల అధ్యాయం ఇక్కడే తెరవవచ్చు. మిగిలిన మంజిష్ఠ నీళ్ళను పారబోయకండి. రెండు గాజు గ్లాసుల్లో పోసి ఒకదాంట్లో నిమ్మరసం, ఇంకోదాంట్లో చాకలి సోడా వేస్తే ఆమ్ల–క్షార సూచిక పాఠం కూడా అయిపోతుంది.

5. పాత రాతలను సాక్ష్యాలుగా చదివించండి

తెలుగు, సోషల్ పీరియడ్లలో చేయాల్సిన పని ఇది. గాస్టన్ లోరాన్ కేర్దూ అనే ఫ్రెంచి జెసూట్ మతగురువు కోరమాండల్ తీరంలో గుడ్డలకు రంగులద్దే పద్ధతిని 1742లో ఒక లేఖలో వివరంగా రాశాడు. కరక్కాయ, గేదెపాలు అందులో ఉన్నాయి. ఆయనే తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ చుట్టరికం ఉందని 1767లో ఫ్రాన్సుకు రాసి పంపిందీ ఆయనే. మాటలనూ రంగులనూ ఒకే చేత్తో పోగేసిన ఇలాంటి మనిషి దొరికితే తెలుగు టీచరును ఒప్పించడం సులువు.

చదివించేటప్పుడు రెండు ప్రశ్నలు వేయండి. ఈయన కళ్ళతో చూసింది ఏది, ఎవరో చెబితే రాసుకున్నది ఏది? చెప్పిన కారణాల్లో మన ప్రయోగంతో తేలేవి ఏవి? ఆ తరవాత పిల్లల్ని తాము చేసిన ప్రయోగాన్ని అదే పద్ధతిలో, చూడని మనిషికి అర్థమయ్యేలా, తెలుగులో రాయమనండి. 'తర్వాత రంగు మారింది' అని రాస్తే ఒప్పుకోవద్దు. ఏ రంగు, ఎంతసేపటికి, తడిగా ఉన్నప్పుడా ఆరాకా? పరిశీలన రాయడం నేర్పాల్సింది ఇక్కడే. ప్రాక్టికల్ రికార్డులో 'అవక్షేపం ఏర్పడెను' అని ఏళ్ళ తరబడి కాపీ కొట్టడం వల్ల ఆ అలవాటు మనకు పోయింది.

6. డబ్బు, చట్టం, ప్రయోగశాల

ఈ గుడ్డల కోసం ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో అడుగుపెట్టింది. డచ్చివాళ్ళు అప్పటికే ఉన్నారు. ఉతికినా పోని రంగులతో అద్దిన నూలుగుడ్డ ఐరోపాలో అంతవరకు లేదు కాబట్టి జనం ఎగబడ్డారు. ఫ్రాన్సు 1686లోనే అద్దకపు గుడ్డలను నిషేధించింది. ఉన్ని, పట్టు నేతగాళ్ళ ఒత్తిడితో ఇంగ్లండు 1700లో దిగుమతిని అడ్డుకుంది, 1721లో అలాంటి గుడ్డ కట్టుకోవడాన్నే చాలావరకు నేరం చేసింది. లండన్‌లో నేతగాళ్ళు వీధుల్లో ఆడవాళ్ళ ఒంటి మీద గుడ్డలు చించిన సందర్భాలున్నాయి. ఉతికితే పోయే రంగయితే ఇంత గొడవ జరిగేదా అని అడిగి చూడండి. చట్టం వెనక ఉన్నది ఒక రసాయన బంధం అని పిల్లలకు తట్టాలి.

భూగోళం కూడా ఇక్కడ చొరబడుతుంది. ఈ తీరంలో ఎరుపుకు వాడింది చిరివేరు. గుల్లల సున్నం కలిసిన ఇసుకనేలల్లో పండిన వేరు మంచి ఎరుపునిచ్చేది. ఆ వేరులోని రంగు అణువు పేరు అలిజరిన్. దాని ఎరుపుకు అల్యూమినియంతో పాటు సున్నంలోని కాల్షియం కూడా తోడుపడుతుంది. మంజిష్ఠ కాగు ఒకటి డిస్టిల్డ్ వాటర్‌తో, ఇంకొకటి సున్నం ఎక్కువగా ఉన్న బోరునీళ్ళతో పెడితే రెండు ఎరుపుల మధ్య తేడా తెలుస్తుంది.

1868లో గ్రేబ, లీబర్‌మన్ అనే జర్మన్ రసాయనవేత్తలు బొగ్గుతారులోని ఆంథ్రసీన్ నుంచి అలిజరిన్ తయారు చేశారు. 1869లో చవకైన పద్ధతి మీద పేటెంటు కోసం జర్మనీ వాళ్ళు, ఇంగ్లండులో పెర్కిన్ అనే రసాయనవేత్త ఒక్క రోజు తేడాతో దరఖాస్తు పెట్టారు. పదిహేనేళ్ళు తిరక్కుండానే ఐరోపాలో రంగువేళ్ళ సాగు కుప్పకూలింది. మన చిరివేరుకూ అదే గతి పట్టింది. వేరులో ఉన్నదీ, ఫ్యాక్టరీలో తయారైందీ ఒకే అణువు. అలాంటప్పుడు 'సహజం', 'కృత్రిమం' అనే తేడా ఎక్కడుంది? అణువులోనా, దాన్ని తవ్వే మనిషి కూలిలోనా? ఈ చర్చకు ఒక పీరియడ్ మొత్తం ఇవ్వండి. తీర్పు మీరు చెప్పవద్దు.

7. గొప్పలు దూరంగా ఉంచండి

ఈ పాఠం చెబుతుంటే 'అన్నీ మనవాళ్ళకు ముందే తెలుసు' అనే మాట తప్పకుండా వస్తుంది. కళాకారులకు చేయడం తెలుసు, అదీ గొప్పగా తెలుసు. అయాన్ల గురించి తెలియదు. ఈ రెండు తెలివిడులూ వేరని పిల్లలకు స్పష్టంగా చెప్పండి. నాగార్జునుడి ఉదాహరణ ఇందుకు బాగా పనికొస్తుంది. బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడినీ, శతాబ్దాల తర్వాతి రసవాద గ్రంథాల మీద కనిపించే నాగార్జునుడి పేరునూ జనం ఒక్కరిగానే చెప్పుకుంటారు. ఇద్దరినీ వేరు చేయడానికి ఏ ఆధారాలు కావాలో జాబితా రాయమనండి. రసాయనవేత్త ప్రఫుల్ల చంద్ర రే 1902 నుంచి భారత రసాయన విజ్ఞాన చరిత్రను పాత గ్రంథాలు వెతికి రాసినప్పుడు చేసిందీ ఈ పనే.

8. మార్కులు ఎలా వేయాలి?

'చిరివేరు తవ్వే కూలీగా మిమ్మల్ని మీరు ఊహించుకుని ఉత్తరం రాయండి' అంటే పిల్లలు కన్నీళ్ళు కార్చి ఊరుకుంటారు. ఒక షరతు పెట్టండి: రసాయనశాస్త్రం తప్పయితే తప్పయిపోయే వాక్యాలు అందులో కనీసం రెండుండాలి. సగం మార్కులు వాటికి, సగం ఆధారం చూపిన చరిత్రకు ఇవ్వండి. పరీక్షలో అయితే ఒక్క ప్రశ్న చాలు: అన్నభేదికి బదులు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వాడితే ఐదో రంగు వస్తుందా, ఎందుకు? జవాబు రాశాక చేసి చూసుకోనివ్వండి.

తరవాతి పాఠానికి

కలంకారీ అయ్యాక రాగిరేకు తీసుకోండి. రాజరాజనరేంద్రుడు 1053లో ఇచ్చిన నందంపూడి శాసనం రాగి మీదే ఉంది. తాళ్ళపాక కవుల సంకీర్తనలు తిరుమలలో దొరికిందీ రాగిరేకుల మీదే. సూర్యచంద్రులున్నంత కాలం చెల్లాలని ఇచ్చే భూదానాన్ని చవకగా దొరికే ఇనుము మీద ఎందుకు చెక్కలేదు? ఒక మేకు, ఒక రాగితీగ, ఉప్పునీళ్ళ గ్లాసు కిటికీలో పెట్టి వారం ఆగండి. లోహాల చర్యాశీలత శ్రేణి దాంట్లోంచే మొదలుపెట్టవచ్చు.