బెల్ట్ మీదికి పెట్టె రాలేదా? పాత స్టిక్కర్లు పీకారా?

విమానం దిగారు, బెల్ట్ తిరిగి తిరిగి ఆగిపోయింది, మీ పెట్టె మాత్రం రాలేదు. టికెట్లు బుక్ చేసే పనిలో ఉన్నాను కాబట్టి ఇలాంటి ఫోన్లు నాకు అర్ధరాత్రి కూడా వస్తుంటాయి. నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: బయల్దేరే ముందు పెట్టె మీది పాత స్టిక్కర్లు తీశారా? పదిమందిలో ఎనిమిదిమంది "ఏ స్టిక్కర్లు?" అంటారు.

ముందు తేలికైనవి చూద్దాం. మీ పెట్టెలాంటిదే ఒకటి బెల్ట్ మీద ఒంటరిగా మిగిలిందంటే ఎవరో పొరపాటున మీది పట్టుకెళ్లారు. దాని ట్యాగ్ చూపించి కౌంటర్‌లో చెప్పండి, వాళ్లే ఫోన్ చేసి రప్పిస్తారు. అట్టపెట్టెలు, పిల్లల బండ్లు చాలాచోట్ల వేరే ద్వారం దగ్గర ఇస్తారు, అక్కడా చూడండి. అమెరికా వెళ్లేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. ట్యాగ్ మీద డాలస్ అని ఉన్నా, ముందు న్యూయార్క్‌లో దిగితే సాధారణంగా పెట్టెలు అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ బెల్ట్ మీద వేయాలి. "డాలస్‌లోనే వస్తాయిలే" అని వదిలేసి వెళ్లిన పెద్దవాళ్లు ఎందరో.

ఇవేవీ కాకపోతే, అసలు దొంగ పాత స్టిక్కరే కావచ్చు.

చెకిన్‌లో పిడికి పొడుగాటి ట్యాగ్ చుడతారు. దాన్నుంచే బొటనవేలంత చిన్న బార్‌కోడ్ ముక్కలు చించి పెట్టె పక్కన, చక్రాల దగ్గర అంటిస్తారు. పొడుగు ట్యాగ్ ఊడిపోతే పెట్టెను గుర్తుపట్టడానికి అవే ఆధారం. ఇంటికొచ్చాక అందరూ పొడుగు ట్యాగ్ కత్తిరించేస్తారు. చిన్న ముక్కలు మాత్రం అలాగే ఉండిపోతాయి.

ఆ బార్‌కోడ్‌లో మీ పేరు ఉండదు, మీ ఊరూ ఉండదు. ఉండేది పది అంకెల నంబర్. మొదటి అంకె ట్యాగ్ రకం, తర్వాతి మూడు విమాన సంస్థ కోడ్, చివరి ఆరు మీ పెట్టె వరస సంఖ్య. ఆ నంబర్ ఏ విమానానికి చెందిందో కంప్యూటర్‌లో ఉంటుంది. స్కానర్లు పెట్టెను అన్ని వైపుల నుంచీ చదువుతాయి. రెండు వేర్వేరు నంబర్లు కనబడితే పెట్టె పక్కకు పోతుంది, మనిషి వచ్చి చూసేదాకా అక్కడే. విమానం మారడానికి గంటన్నరే ఉంటే ఆ ఆలస్యం చాలు. పైగా వరస సంఖ్య ఆరంకెలే కాబట్టి నంబర్లు మళ్లీ వాడుకలోకి వస్తాయి. మీ పాత నంబర్ ఈరోజు ఇంకెవరి పెట్టెదో కావచ్చు.

మా కాలనీలో ఒక పెద్దావిడ కూతురి పురుడుకి షికాగో వెళ్లారు. సింగపూర్ వెళ్లొచ్చిన పక్కింటివాళ్ల సూట్‌కేసు అరువు తీసుకున్నారు. పెట్టె ఆరోరోజుకు చేరింది. గల్ఫ్‌లో విమానం మారేచోట పొడుగు ట్యాగ్ ఊడిపోయిందట. పక్కన చూస్తే నాలుగు స్టిక్కర్లు, ఏది ఈ ప్రయాణానిదో తేలక ఆపేశారట. పసిబిడ్డ పొత్తిగుడ్డలకని దాచిన పాత నేత చీరలూ, శొంఠిపొడీ అందులోనే. ఆవిడ బీపీ మాత్రలూ అందులోనే. స్టిక్కర్ల సంగతి నేను ముందే చెప్పి ఉండాల్సింది. అప్పట్నుంచి నా దగ్గర టికెట్ తీసుకునే ప్రతివాళ్లకీ చెబుతున్నాను: స్టిక్కర్లు పీకండి, మందులు చేతిసంచిలో పెట్టండి.

కాబట్టి ముందురోజు రాత్రి పెట్టెను వెలుతురులో ఆరు వైపులా తిప్పి చూడండి. పిడి మొదలు, చక్రాల పక్క, అడుగుభాగం. అరువు పెట్టె అయితే రెండుసార్లు. ఊడి రాని జిగురుకు కాస్త కొబ్బరినూనె రాసి పావుగంట ఆగితే వచ్చేస్తుంది. అయినా రాకపోతే ఆ గీతలన్నీ కనబడకుండా మార్కర్‌తో నల్లగా పూసేయండి. ఈ ప్రయాణంలో అంటించినవి మాత్రం గమ్యం చేరేదాకా ముట్టుకోవద్దు.

చెకిన్ కౌంటర్ దగ్గర కొత్త ట్యాగ్ మీది, దిగే ఊరిని చెప్పే మూడక్షరాల కోడ్ కూడా చదవండి. విశాఖకు వీటీజెడ్, విజయవాడకు వీజీఏ. పెట్టె వెళ్లాక చెబితే లాభం లేదు.

ఇంత చేసినా రాకపోతే కస్టమ్స్ దాటి బయటికి వెళ్లకముందే విమాన సంస్థ లగేజీ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి, దానికి రుజువుగా వాళ్లిచ్చే పీఐఆర్ కాగితం తీసుకోండి. "రేపు ఫోన్ చేద్దాం" అనుకుంటే పని జటిలమవుతుంది. అంతర్జాతీయ ప్రయాణాల్లో, విమాన సంస్థల బాధ్యతను తేల్చే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పెట్టె దెబ్బతింటే అందిన 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే అందిన 21 రోజుల్లోగా విమాన సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్కగట్టి పరిహారం అడగొచ్చు. ఈలోపు కొన్న బట్టలు, సబ్బుల రసీదులన్నీ దాచండి.

చక్రం విరగడం, జిప్పు తెగడం ఎక్కువగా బరువు వల్లే. తాళ్లు, వేలాడే పట్టీలు కట్టొద్దు, రోలర్లలో చిక్కుకుంటాయి. దొంగతనం అరుదు, బంగారం పెట్టెలో పెట్టకపోతే ఆ టెన్షనే ఉండదు.

ఇక పెట్టె మూసే ముందు, మీ పేరు, ఫోన్ నంబర్, దిగే ఊళ్లో అడ్రసు ఇంగ్లీషులో రాసిన కాగితం బట్టల మీద పైనే పెట్టండి. బయటి ట్యాగులన్నీ ఊడిపోతే సిబ్బంది పెట్టె తెరిచి మొదట వెతికేది దానికోసమే.