నల్లమల పెంటల్లో పిల్లలకు పాటల, బొమ్మల శిబిరం పెట్టడం ఎలా?

మొదటిసారి నల్లమల అడవి అంచున మన్ననూరు అటవీశాఖ చెక్‌పోస్టు దగ్గర ఆగినప్పుడు మా జీపులో రెండు కీబోర్డులు, ఒక సౌండ్ బాక్సు, ఒక కట్ట థర్మోకోల్ షీట్లు, యాభై డ్రాయింగ్ పుస్తకాలు ఉన్నాయి. థర్మోకోల్ చెక్‌పోస్టు దాటలేదు. కీబోర్డులు దాటాయి కానీ మేం పోయిన పెంటలో, అంటే అడవిలో ఉండే చెంచు గిరిజనుల చిన్న ఊళ్లో, ఆ రోజంతా కరెంటు లేదు. ఇక మిగిలినవి పుస్తకాలు. పంచి, "మీ ఊరి బొమ్మ గీయండి" అన్నాం. ఇరవై మందికి పైగా పిల్లలు బుద్ధిగా తలలు వంచుకుని రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కనే ఒక కొబ్బరిచెట్టు గీశారు. తల తిప్పితే చుట్టూ నల్లమల. కొబ్బరిచెట్టు మాత్రం ఎక్కడా లేదు. అది వాళ్ల ఊరి బొమ్మ కాదు, బడిలో నేర్పిన బొమ్మ.

ఆ తర్వాత కొన్నేళ్లుగా అచ్చంపేట, అమ్రాబాద్ వైపు చెంచు పెంటలకూ, దేవరకొండ వైపు లంబాడీ తండాలకూ వెళ్తున్నాం. జీతం లేని పని, సెలవు రోజుల పని. మీరూ నలుగురు కలిసి ఇలాంటిది చేయాలనుకుంటే మేం పడ్డ తిప్పలు మీకు తప్పాలని ఇది రాస్తున్నా.

ముందు ఒక్క పెంట చాలు

స్నేహితులంతా ఒకచోట చేరగానే పుట్టే ఆలోచన ఒకటుంది: "ఈ సెలవుల్లో పది పెంటలు చుట్టేద్దాం!" వద్దు. పది పెంటలకు ఒక్కోసారి పోయేకన్నా ఒక్క పెంటకు నాలుగుసార్లు పోండి. మొదటిసారి పిల్లలు మీ ముఖాలు చూస్తారు, రెండోసారి మీ పేర్లు అడుగుతారు. నోరు విప్పి పాడేది మూడోసారికి. ఒక్కసారి వచ్చి ఫోటోలు దిగి పోయినవాళ్లను వాళ్లు చాలామందిని చూశారు. "మళ్ల ఎప్పుడొస్తరు సారూ?" అని అడిగేది మర్యాదకు కాదు, మీరు వాళ్లలాంటివారో కాదో తేల్చుకోవడానికి.

పెంటలు చిన్నవి. కొన్నిట్లో పది పదిహేను ఇళ్లకు మించి ఉండవు. మన్ననూరు, వటవర్లపల్లి లాంటి రోడ్డు పక్క ఊళ్లతో మొదలుపెడితే రాకపోకలు తేలిక. అప్పాపూర్ లాంటి లోపలి పెంటలకు ఫర్హాబాద్ మీదుగా మట్టి బాట, జీపు ప్రయాణం. వాటి సంగతి రెండో ఏడు చూసుకోవచ్చు.

అనుమతులు: కాగితం చేతిలో లేకుండా కదలొద్దు

అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. హైదరాబాద్-శ్రీశైలం రోడ్డు దాని మధ్యలోంచే పోతుంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఆ అడవి రోడ్డులో బండ్లను వదలరు. "ఎనిమిదిన్నరకు చెక్‌పోస్టు దాటేస్తాంలే" అనుకుని ప్లాన్ వేయకండి. కల్వకుర్తి దగ్గర చాయ్ పది నిమిషాలు ఆలస్యమైతే ఆ రాత్రి చెక్‌పోస్టు ఇవతలే.

లోపలి పెంటలకు అటవీశాఖ అనుమతి తప్పనిసరి. వచ్చేవాళ్ల పేర్లు, బండి నంబరు, తేదీలు, చేయబోయే పని రాసి కనీసం మూడు వారాల ముందు దరఖాస్తు ఇవ్వండి. మన్ననూరులో చెంచుల కోసం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసు ఉంది. అక్కడ ఒక కాపీ ఇస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఆశ్రమ పాఠశాలలో పెట్టేట్టయితే హెడ్మాస్టరుకు, వార్డెన్‌కు విడిగా చెప్పాలి. అనుమతి కాగితాన్ని ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. సిగ్నల్ లేని చోట "ఫోన్లో ఉంది సార్" అంటే పని జరగదు.

వీటన్నిటికంటే పెద్ద అనుమతి పెంట పెద్దమనిషిది, తల్లులది. దానికి దరఖాస్తు ఉండదు. శిబిరానికి ముందే ఒక రోజు సామాను ఏమీ లేకుండా పోయి, గుడిసె ముందు కూర్చుని మాట్లాడి రావాలి. ఈ ఒక్క రోజు ఎగ్గొట్టినవాళ్లెవరికీ శిబిరం సరిగ్గా నడవలేదు, మాతో సహా.

ఎప్పుడు పోవాలి?

దసరా సెలవులు అన్నిటికన్నా మంచివి. పిల్లలు హాస్టళ్ల నుంచి ఇంటికి వస్తారు, వానలు తగ్గుముఖం పడతాయి. సంక్రాంతి కూడా పర్వాలేదు. ఎండాకాలం పనికిరాదు. ఎండ సంగతి అలా ఉంచినా, అప్పుడు తేనె, తునికాకు (బీడీ ఆకు) పనుల మీద ఇంటిల్లిపాదీ అడవిలో ఉంటారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. ఆ రోజుల్లో "వస్తున్నాం లింగమయ్యా" అంటూ లోయలోకి దిగే జనంతో బాటలన్నీ నిండిపోతాయి. శివరాత్రికి శ్రీశైలం పోయే భక్తులతో రోడ్డు అంతే. జాతర చూడాలనుకుంటే పోయి చూడండి, దాంతోపాటు శిబిరం పెట్టుకోకండి.

గురువు అక్కడే ఉన్నాడు, వెతకండి

మాకు అన్నిటికన్నా ఆలస్యంగా తెలిసివచ్చిన సంగతి ఇది. పెంటలో బుట్ట అల్లే ముసలాయన ఉంటాడు. పెళ్లి పాటలు తెలిసిన అవ్వ ఉంటుంది. వెదురు చీల్చి పదిహేను నిమిషాల్లో బాణం చేసే కుర్రాడు ఉంటాడు. శిబిరంలో రోజుకు సగం పూట వాళ్లదే కావాలి. మీరు ఆ సగం పూట పిల్లల మధ్య కూర్చుని నేర్చుకోవాలి. మా డ్రాయింగ్ మాస్టరు బుట్ట అల్లలేక తంటాలు పడుతుంటే పిల్లలు నవ్విన నవ్వుతో మొదటి రోజు బిడియం మొత్తం పోయింది.

వాళ్లకు డబ్బు ఇవ్వండి. మీరు వాలంటీర్లు, ఊరికే వచ్చారు. వాళ్లు ఆ రోజు కూలి, అడవి పని వదులుకుని కూర్చున్నారు. ఆ రోజు కూలికి తగ్గకుండా, అందరి ముందు కాకుండా, చేతికివ్వండి. శాలువా కప్పి ఫోటో తీసి పంపించేయడం నాకైతే నచ్చదు.

ఇంకో మాట. ఈ జిల్లాల కళలన్నిటినీ ఒకే గంపలో వేయకండి. పన్నెండు మెట్ల కిన్నెర అనగానే అందరికీ గుర్తొచ్చేది లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగిలయ్య. 2022లో పద్మశ్రీ అందుకున్నారు. వెదురు బొంగు, ఎండు సొరకాయ బుర్రలతో చేసే ఆ కిన్నెర డక్కలి కులం కళాకారులది, చెంచులది కాదు. కిన్నెర వాయించేవారిని పెంటకు పిలిస్తే పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. పిలవండి. "ఇది మీ వాయిద్యమే" అని మాత్రం చెప్పకండి.

సామాను

ఇరవై ఐదు మంది పిల్లలకు రెండు రోజుల లెక్క: గోధుమరంగు ప్యాకింగ్ కాగితం పెద్ద చుట్ట ఒకటి, ఎరుపు, పసుపు, నీలం, తెలుపు పోస్టర్ రంగులు ఒక్కో పెద్ద సీసా, లావుపాటి బ్రష్షులు ముప్పై, ఇనుప బకెట్లు రెండు, పాత చీరలు, అరచేయంత నోటుపుస్తకాలు. ఇవన్నీ అచ్చంపేటలో దొరుకుతాయి. నల్ల రంగు కొనక్కర్లేదు, పొయ్యి బొగ్గు ఉంది. మెరుపుల పొడి, ప్లాస్టిక్ ప్లేట్లు, బెలూన్లు ఇంట్లోనే వదిలేయండి. అభయారణ్యంలో ప్లాస్టిక్ తేవద్దు. బ్రష్షులు చాలకపోతే వేపపుల్ల కొస నమిలితే సరి.

కాగితం చుట్ట ఎందుకంటే దానికో కథ ఉంది. కొబ్బరిచెట్ల అనుభవం తర్వాత "మీ ఊరి బొమ్మ" అనడం మానేశాం. "తేనె తీయడం గీయండి" అన్నాం. పదమూడేళ్ల పిల్లాడొకడు కాగితం పై అంచు నుంచి తాడు గీయడం మొదలుపెట్టాడు. కాగితం అయిపోయింది, తాడు అయిపోలేదు. ఇంకో కాగితం అడిగి కింద అతికించాడు. ఆ తర్వాత ఇంకోటి. మూడో కాగితం అడుగున తాడుకు వేలాడే మనిషి, పక్కన కొండ చరియకు తేనెపట్టు. పైన బండ మీద తాడు పట్టుకుని ఇంకో మనిషి.

"పైన ఎవరు?"

"మా మామ సారూ. నాయినకు బామ్మర్ది. తాడు ఆయనే పట్టాలె."

పక్కనున్న అవ్వ మిగతాది చెప్పింది. కింద వేలాడేది తాడు పట్టినోడి అక్కకో చెల్లెకో మొగుడు. ఆ తాడు వదిలితే పోయేది సొంత తోబుట్టువు పసుపుకుంకుమ. అందుకే బామ్మర్ది చేతికే తాడు. డ్రాయింగ్ పుస్తకం సైజులో ఈ బొమ్మ పట్టదు. అప్పటి నుంచి మాది చుట్ట కాగితమే.

రంగులు అక్కడే తయారుచేయండి

మొదటి రోజు మధ్యాహ్నం దీనికి కేటాయించండి. జాజు (ఎర్రమట్టి), సున్నం, బొగ్గుపొడి, పసుపు మెత్తగా నూరి గుడ్డతో జల్లించాలి. పసుపులో చిటికెడు సున్నం నీళ్లు పోస్తే కళ్ల ముందే ఎర్రబడుతుంది, పిల్లలు కేకలు వేస్తారు. సున్నం మాత్రం పెద్దవాళ్లే కలపాలి, కళ్లలో పడితే ప్రమాదం. మోదుగపూలు పూసే రోజులైతే వేడినీళ్లలో నానబెట్టండి, పసుపు కలిసిన నారింజ రంగు దిగుతుంది.

రంగు కాగితానికి పట్టాలంటే జిగురు కావాలి. నల్లమలలో బంకకు కొదవా అని మేం తపసి చెట్టు బంక తెచ్చి రాత్రంతా నీళ్లలో వేశాం. తెల్లారి చూస్తే బకెట్ నిండా ఉబ్బిపోయిన జావ. బ్రష్షు దిగదు, రంగు కలవదు. అటుగా పోతున్న అవ్వ చూసి, "ఏం బిడ్డా, జావ కాస్తున్నరా?" అంది. తపసి బంక నీళ్లలో ఉబ్బుతుందే గానీ కరగదు. ఆ బంక ఏరి అమ్మేవాళ్లకు ఇది తెలుసు, మాకు తెలియదు. కరిగేది తుమ్మబంక. ఒక పాలు బంకకు రెండు పాళ్ల నీళ్లు పోసి రాత్రి నానబెట్టి, పొద్దున గుడ్డలో వడగట్టండి. చెంచా బంకనీళ్లకు చెంచా రంగుపొడి.

పాట దగ్గర తొందరపడొద్దు

"మేం పాడతాం, మీరు అనండి" అంటే బడి ప్రార్థనలా ఉంటుంది. మాకు పనికొచ్చిన పద్ధతి ఇది. అందరినీ చెట్టుకింద కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. తర్వాత విన్న చప్పుళ్లను ఒక్కొక్కరు చేసి చూపించాలి. నాకు మూడు వినిపించాయి. వాళ్లు పదకొండు చేసి చూపించారు. అందులో ఒకటి దగ్గులాంటిది. కొండెంగ (నల్లముఖం కోతి) అట్లా దగ్గితే కింద పెద్దపులో చిరుతో నడుస్తున్నట్టట. ఆ పదకొండు చప్పుళ్లను వరస కట్టి, కుంకుడు గింజలు పోసిన సొరకాయ బుర్రలతో, తలకిందులు చేసిన బకెట్లతో తాళం వేస్తే గంటలో ఒక పాట తయారు. మాటలు వాళ్లే పెడతారు. సినిమా పాట పాడితే పాడనివ్వండి, ముఖం చిట్లించకండి.

డప్పు తీసుకెళ్తే చలికి, తేమకు తోలు వదులవుతుంది. ఊళ్లో అయితే మంట దగ్గర కాచుకుంటాం. అడవిలో, ముఖ్యంగా ఫిబ్రవరి నుంచి మే దాకా, నిప్పు మాట ఎత్తొద్దు. ఎండలో పెట్టండి చాలు.

తండాల్లో కొంచెం వేరు

దేవరకొండ, చందంపేట, డిండి వైపు తండాల్లో పిల్లల ఇంటి మాట గోర్‌బోలి. దానికి సొంత లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే పాటలు రాసుకుంటారు. అమ్మను "యాడి" అంటారు. అలాంటి పది మాటలు నేర్చుకుని పోండి. శ్రావణంలో తీజ్ పండుగ అప్పుడు పెళ్లికాని అమ్మాయిలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ తొమ్మిది రోజులు పాడతారు. అప్పుడు శిబిరం పెట్టాల్సిన పనిలేదు. పిలిస్తే పోయి వినండి. అద్దాల కుట్టు నేర్పమని పెద్దాడవాళ్లను అడిగితే మొదట సిగ్గుపడతారు, తర్వాత మీ కుట్టు విప్పి మళ్లీ వేయిస్తారు.

పిల్లల భద్రత, ఫోటోలు

మీ బృందంలో మహిళలు ఉండాలి. ఏ పిల్లతోనైనా, పిల్లాడితోనైనా ఒక్క పెద్దమనిషి ఒంటరిగా ఉండకూడదు, కనీసం ఇద్దరు ఉండాలి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం ఏం చెబుతుందో బయల్దేరే ముందే అందరూ కూర్చుని చదవండి. మందు తాగేవాళ్లను వెంట తీసుకుపోవద్దు. దీనికి మినహాయింపు లేదు. ఫోటో, వీడియో తల్లిదండ్రులు సరేనంటేనే. పాట రికార్డు చేస్తే పాడిన మనిషికి ముందు వినిపించండి, మెమరీ కార్డులో వేసి పెంటలోనే ఒక కాపీ ఇవ్వండి. అడగకుండా యూట్యూబులో పెట్టకండి. ఆ పాట మీది కాదు.

వచ్చేటప్పుడు

ఆఖరి రోజు స్టేజీ, బ్యానరు, అతిథుల ప్రసంగాలు పెట్టకండి. బొమ్మల చుట్టను రెండు చెట్ల మధ్య కట్టండి, పెంట మొత్తం వచ్చి చూస్తుంది. అందులో తమ మామను, తమ కుక్కను వెతుక్కుంటారు. బొమ్మలు అక్కడే వదిలేయండి. మిగిలిన రంగులు, బ్రష్షులు అంగన్‌వాడీ టీచరుకో, ఆసక్తి ఉన్న కుర్రాడికో అప్పజెప్పి, మళ్లీ వచ్చే తేదీ చెప్పి రండి. చెప్పిన తేదీకి పోలేకపోతే కబురైనా పంపండి.

మేం ఒక నోటుపుస్తకంలో అవ్వ పాడిన ఆరు పాటలు రాసి, ఆమె చేతికే ఇచ్చి వచ్చాం. ఆమెకు చదవడం రాదు. రెండు నెలల తర్వాత పోయేసరికి పుస్తకం అంచులు నలిగి, పొగచూరి ఉంది. ఎనిమిదో తరగతి చదివే మనవరాలు ఆరింటి కింద ఇంకో తొమ్మిది పాటలు రాసింది. అందులో ఒకటి సినిమా పాట. అవ్వ దాన్ని కూడా లెక్కలో వేసి, మొత్తం పదిహేను అని చెప్పింది.